ఎర్ర గోలీలు

"కార్జం ఎవరు తిన్నరు?"

యేసమ్మ ఖాళీ గిన్నెను ఇంటిల్లిపాదికీ చూపిస్తూ మూడోసారి అడిగింది. గిన్నె అడుగున నూనె చారలు తప్ప ఏమీ లేవు. పావు కిలో మేక కార్జం. నిన్న సాయంత్రం దశరథం మాంసం కొట్టు దగ్గర, వేరెవరికీ పోకుండా ముందే చెప్పి, ఎదురుగా నిలబడి కోయించుకుని తెచ్చింది. మిరియాలు దంచివేసి వేయించింది. సజ్జ మీద పెట్టి, మూత మీద పొత్రం పెట్టింది. పొత్రం ఎత్తగల పిల్లి బోధన్‌లో ఇంకా పుట్టలేదు.

"నేనే తిన్న" అంది ఎస్తేరు.

యేసమ్మ ఈ జవాబుకు తయారుగా లేదు. కూతురు కాదంటుందని, అప్పుడు వీపు మీద రెండు వేయవచ్చని అనుకుంది. ఒప్పుకున్న దొంగను ఏం చేయాలో ఆమెకు చప్పున తోచలేదు.

"మొత్తమా?"

"మొత్తం. తెల్లారగట్ల లేచి, నిలవడే తిన్న. మస్తుగుండె."

"నీ కడుపుల మన్ను వడ! రక్తం లేని పిల్ల కోసమని తెస్తే, దాని నోటికాడిది గుంజుకోనీకి నీకు మనసెట్లొచ్చిందే?"

"రక్తం లేంది దానికి గాదు. నాకు."

"మళ్ల అదే మాట!"

లోపలి గదిలోంచి సన్నటి గొంతు వినిపించింది. "పోనియ్యి పెద్దవ్వా. నాకు తినబుద్ధి గూడ లేదు. అక్కను ఏమనకు."

అదిగో, ఆ మంచితనమే ఎస్తేరుకు పడదు. తిరగబడి తిట్టినా బాగుండేది, సమానంగా ఉండేది. చాప మీద ముడుచుకుని పడుకుని, పొట్ట పట్టుకుని, మూలుగు మధ్యలో అక్కను క్షమించేస్తుంది విమల. ఈ ఇంట్లో పుణ్యమంతా దానికే, పాపమంతా తనకే.

పదిహేను రోజుల కింద నిజామాబాద్‌లో ఆ ఇద్దరూ చదివే కాలేజీకి హైదరాబాద్ నుంచి యూనివర్సిటీ వాళ్ళు వచ్చారు. ఆడపిల్లలు ఏం తింటున్నారు, ఎంత బరువున్నారు, ఒంట్లో రక్తం ఎంతుంది అని అడిగి రాసుకున్నారు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న ఎస్తేరు బరువు మిషన్ ఎక్కితే ముల్లు అరవై ఎనిమిది దాకా పోయింది. వెనక వరసలో కిసకిసలు లేచాయి. రెండో ఏడాది విమల ఎక్కితే ముల్లు నలభై దాటలేదు. "అబ్బ, ఎంత సన్నగున్నవే!" అని అదే వరస మురిసిపోయింది. ఎస్తేరుకు కడుపులో మంట అక్కడే అంటుకుంది. తర్వాత వేలికి సూది గుచ్చి రక్తం చూసి, చీటీలు రాసిచ్చారు. పన్నెండు ఉండాలట. విమలకు పదకొండున్నర వచ్చింది. ఎస్తేరుకు ఆరున్నర వచ్చింది. ఆరున్నర వచ్చిన పిల్లకు పొట్లం కట్టి రక్తం పట్టే ఎర్ర గోలీలు ఇచ్చారు, రోజుకు రెండు మింగమన్నారు.

చీటీల మీద పేర్లు లేవు, నంబర్లే. యేసమ్మ ఆ సాయంత్రం రెండు చీటీలూ చాప మీద పరిచింది. ఒక చీటీని చూసి ఒక పిల్లను చూసింది, ఇంకో చీటీని చూసి ఇంకో పిల్లను చూసింది. పకపకా నవ్వి, తన చేత్తోనే చీటీలు అటుదిటు మార్చేసింది.

"సదువుకున్నోళ్లకు గీ మాత్రం తెల్వదా? మార్చి ఇచ్చిండ్రు. పదిహేనేండ్ల సంది దవాఖానల ఆయమ్మగ చేస్తున్న, నాకు జెప్తరా? రక్తం లేనోళ్లు గాలొస్తే కొట్టుకపోయేటట్లుంటరు. నీకేందే, బండ లెక్కున్నవ్!"

గోలీల పొట్లం విమల చేతికి పోయింది. దాని వెనకే కోడిగుడ్డు పోయింది, గ్లాసెడు పాలు పోయాయి, ఆదివారం కార్జం పోయింది. చివరికి ముద్ద కలిపి నోట్లో పెట్టే యేసమ్మ చెయ్యి కూడా అటే పోయింది. గుడ్డు పోతే పోయింది, పాలంటే ఎస్తేరుకు ముందే ఇష్టం లేదు. కక్కలేక మింగలేక అయింది మాత్రం ఆ చెయ్యి దగ్గరే. తనకు ఊహ తెలిసిన తర్వాత అవ్వ తన నోట్లో ముద్ద పెట్టిన గుర్తు లేదు.

విమల యేసమ్మ చెల్లెలి కూతురు. ఆ చెల్లెలు రెండో కాన్పులో, ఒంట్లో రక్తం లేక, యేసమ్మ చేతుల్లోనే ప్రాణం విడిచింది. దాని మొగుడు మోషే ముప్కాల్‌లో ఏడాది తిరగకముందే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆరేళ్ల విమలను యేసమ్మ చంకనెత్తుకుని బోధన్ తెచ్చేసింది. పిల్ల పెరిగేకొద్దీ అచ్చం తల్లి పోలికే వచ్చింది, అదే సన్నటి మెడ, అవే చేతులు. ఆ మెడ చూస్తే చాలు, యేసమ్మకు ఉన్న తెలివి కూడా ఉండదు.

"రేపు దాన్ని నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీస్కపోతున్న" అంది యేసమ్మ. "లీవు గూడ వెట్టిన."

"కాగితం వచ్చింది నా నంబరు మీద. ఏడు కన్న తక్కువున్నోళ్లను తల్లినో తండ్రినో తోల్కొని సోమారం రమ్మన్నరు. రక్తం ఎక్కియ్యాలె, ఆలస్యం జేస్తే పాణానికి మంచిది గాదన్నరు. అక్కడ నన్ను పిలుస్తరు, దాన్ని పిలువరు."

"పిలిస్తే నేను మాట్లాడుత. గోలీలు మింగుతనే ఉన్నది, అయినా కడుపునొప్పి, వాంతులు. రోగం ముదిరింది దానికి. నా చెల్లె గిట్లనే మూల్గింది."

"గోలీలు మింగితే అవి గావాల్సినోళ్లకు బలమైతయ్, అక్కరలేనోళ్లకు కడుపునొప్పయితది!"

"నోర్ముయ్! లావుంటే సాలదు, జర జాలి ఉండాలె మనిషికి."

ఎస్తేరు చెయ్యి దానంతట అదే పక్కనున్న బియ్యం డబ్బాలోకి పోయింది. పిడికెడు తీసి నోట్లో పోసుకుని కరకరా నమిలింది.

"మళ్ల బియ్యం! కార్జం బుక్కినా నిండలేదా? నీ లగ్గం నాడు వాన దంచికొడ్తది సూడు."

"నన్ను జేసుకునేటోడు దొరికితే గద, వాన పడేది."

వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్న దేవదాస్ ఇదంతా వింటూనే ఉన్నాడు. ఎస్తేరు తండ్రి. షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర ఉద్యోగం. సీజన్ కదా, రాత్రి డ్యూటీ చేసి అప్పుడే ఇల్లు చేరాడు. లోపలికి వచ్చి, టీ గ్లాసు పట్టుకుని, మెల్లగా అన్నాడు.

"యేసమ్మా, బస్టాండు కాడ మెట్లెక్కి పిల్ల కూలవడ్డది మొన్న. ఊపిరి అందలే. నేను సూసిన."

"లావున్నోళ్లకు ఆయాసం రాదా?"

దేవదాస్ ఇంకో మాట అనాల్సింది. టీ తాగాడు. మంచివాళ్లతో ఇదే చిక్కు, అరవాల్సిన చోట టీ తాగుతారు.

చర్చి గంట వినిపించింది. యేసమ్మ గిన్నెను నీళ్లలో పడేసి, తెల్లచీర కోసం లోపలికి పోయింది. ఎంత కోపమున్నా ఈ ఆదివారం మానడానికి వీల్లేదు. ఫిబ్రవరి మొదటి ఆదివారం, ప్రభు భోజన సంస్కారం ఉంది.

* * *

సంస్కారం రోజు మెథడిస్టు చర్చిలో ఒక కట్టడి ఉంది. ఎవరి మీదైనా పగ పెట్టుకుని గానీ, తప్పు దాచుకుని గానీ రొట్టె తినకూడదు, ద్రాక్షరసం తాగకూడదు. లోపల ఏదైనా ఉన్నవాళ్లు ముందు వెళ్లి సమాధానపడి రావాలి, లేదా లేవకుండా చాప మీదే కూర్చోవాలి. కూర్చుంటే సంఘమంతా చూస్తుంది. అందుకని ఎవరి లోపల ఏమున్నా అందరూ లేస్తారు.

పాస్టరు జయరాజ్ అయ్యగారు పిలిచారు. ఆడవాళ్ల వరస లేచింది. యేసమ్మ లేచింది. ఎస్తేరు లేచింది. చెల్లెలి మీద ఉన్న మంటనంతా గుండెలో పెట్టుకునే బల్ల ముందరి కటకటాల దగ్గర మోకరించింది. తప్పని తెలుసు. తెలిసే నోరు తెరిచింది. ఇంట్లో నోట్లో పెట్టేవాళ్లు లేరు, ఇక్కడైనా పెడుతున్నారు కదా అనుకుంది. అలా అనుకున్నందుకు మళ్లీ తనకే భయం వేసింది.

తిరిగి వస్తూ చూసింది. చాప మీద ఒక్క మనిషి మిగిలిపోయి ఉంది. తల మీద కొంగు ముక్కు దాకా లాక్కుని, మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని కూర్చుంది విమల.

'చూసినవా' అనుకుంది ఎస్తేరు. 'ఇక్కడ గూడ అందరు దాన్నే చూడాలె.'

అందరూ చూశారు. మగవాళ్ల వరసలో కూడా తలలు తిరిగాయి. ఇదే చర్చిలో ఎనిమిదేళ్ల కింద ఒక పిల్ల ఇలాగే లేవకుండా కూర్చుంది. మూడు నెలలకు దాని పొట్ట కనిపించింది. సంఘం ఇంకా మరిచిపోలేదు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర గంగవ్వ యేసమ్మ మోచెయ్యి పట్టుకుంది. సంఘపెద్ద భార్య గంగవ్వ. ఎవరింట్లో ఏ కూర మాడిందో వాసన పట్టగల మనిషి.

"మీ విమల లేవలేదేందే?"

"ఒంట్ల బాగలేదక్క."

"అవునంట. వాంతులు గూడ అయితున్నయంట గద. ఎన్ని దినాల సంది?"

యేసమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. విమల రెక్క పట్టుకుని, ఎండలో, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోనివ్వకుండా ఇంటికి లాక్కుపోయింది. వెనకాల ఎస్తేరు నాలుగు అడుగులకు ఒకసారి ఆగుతూ, ఆయాసపడుతూ నడిచింది. ఆమె కోసం ఎవరూ ఆగలేదు. నిజం చెప్పొద్దూ, ఆ నడకలో ఆమెకు కొంచెం సంతోషంగానే ఉంది. విమలను అవ్వ అలా లాక్కుపోవడం ఆమె పదమూడేళ్లలో మొదటిసారి చూసింది.

* * *

తలుపు గడియ పడింది. ఇంట్లోనే ఉండిపోయిన దేవదాస్‌తో కలిపి లోపల నలుగురే. గోడ మీద తొంభై ఏడో సంవత్సరపు, బైబిలు వాక్యాల వాగ్దాన క్యాలెండర్ ఒకటి ఊగుతోంది.

"ఎవడు వాడు?" అంది యేసమ్మ.

విమల అర్థంకానట్టు చూసింది.

"నాటకాలొద్దు. సంస్కారానికి ఎందుకు లేవలే? ఏం దాచినవ్? ఊరు ఊరంతా నా మొకం మీద ఊంచే పని ఏం జేసినవ్, చెప్పు!"

"ఎవడు లేడు పెద్దవ్వా. నీ మీద ఒట్టు, అసొంటిది ఏం లేదు."

"మరేంది?"

విమల కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. మళ్లీ చుట్టుకుంది.

"చీటీలు మారలే పెద్దవ్వా."

ఎస్తేరు చటుక్కున తల తిప్పి విమలను చూసింది.

"అక్కడ ఒక్కొక్కరినే పిలిచి సూది గుచ్చిండ్రు. నా యేలికి గుచ్చినంక మేడం నా మొకం మీదనే చెప్పింది, పదకొండున్నర, నీకేం ఫికరు లేదని. అక్కకు గుచ్చినప్పుడు నేను పక్కనే ఉన్న. మేడం రెండుసార్లు చూసింది. 'గింత మనిషికి గింతేనా' అని ఇంకో మేడంను పిలిచింది. నాకు మొదటి దినం సంది తెలుసు."

ఎస్తేరు గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. తనకు తెలుసు, తను చెప్పింది, అవ్వ నవ్వింది. కానీ విమలకు కూడా తెలుసని తెలియదు. తెలిసి తెలిసి గుడ్డు తిన్నది. తెలిసి తెలిసి ముద్దకు నోరు తెరిచింది!

"దొంగ!" అని అరిచింది. "దొంగముండ! కడుపు నొస్తున్నది, వాంతులైతున్నయని అవ్వను పక్కల కూసోవెట్టుకొని... మళ్ల అక్కను ఏమనకు, అక్కను ఏమనకు అని మంచిదాని లెక్క..."

"కడుపు నిజంగనే నొస్తున్నదక్క. గోలీలకే నొస్తున్నది. అయినా మింగిన."

"ఎందుకు మింగినవ్?"

"మింగుడు ఆపితే పెద్దవ్వ ముద్ద పెట్టుడు గూడ ఆపుతదని."

విమల ఈ మాట ఏడుస్తూ అనలేదు. మామూలుగా, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నీకేందక్క, నీకు అవ్వ ఉన్నది. తిట్టినా కొట్టినా నీ అవ్వనే. నేను మంచిగుంటేనే నాకు పెద్దవ్వ. ఈ ఇంట్ల నేను గట్టిగ దగ్గాలన్నా ఒకసారి ఆలోచిస్త. నువ్వు పొత్రం ఎత్తి కార్జం తిని, తిన్న అని చెప్పినవ్. నేనైతే అట్ల చెప్పగలనా? పదమూడేండ్ల సంది నిన్ను చూసి ఏడ్సని దినం లేదు."

తను చూసి ఏడుస్తున్న మనిషి తనను చూసి ఏడుస్తోందని ఎస్తేరు కలలో కూడా అనుకోలేదు. అనుకోనందుకు కోపం ఇంకా పెరిగింది. అసూయ కూడా తన దగ్గర్నుంచి గుంజుకున్నట్టే ఉంది.

యేసమ్మ ఇంతలో తేరుకుంది. తేరుకుని చేసిన పని చూడండి! విమల తల నిమిరింది.

"అది బెదిరిచ్చింది నిన్ను. అవునా? కార్జం తిన్నదాన్ని నేను తిడ్తే, దాన్ని కాపాడనీకి గిట్ల చెప్తున్నవ్. నా చెల్లె గూడ గింతే. తన నోట్ల దుమ్ము పోసుకొని పక్కోళ్లకు పెట్టేది."

"అవ్వా!" ఎస్తేరు గొంతు చీరుకుపోయింది. "అది తప్పు జేసిన్నని చెప్పినా దానికే పుణ్యమా?"

"యేసమ్మా."

దేవదాస్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ ఇంట్లో ఆయన గొంతు అంత గట్టిగా వినిపించి చాలా కాలమైంది.

"ఇరవై ఏండ్ల సంది కాంటా మీద చెరుకు చూస్తున్న. నీ అసొంటోళ్లు మస్తుమంది వస్తరు. గడ లావుగుంటే సంబురపడ్తరు. బెండు పట్టిన గడ గూడ లావుగనే ఉంటదే. కొర్కితే సుక్క రసముండది. బయటికెల్లి చూసి లోపటి సంగతి చెప్పనీకి నువ్వు దేవునివా?"

"చెరుకుకు పిల్లకు పోలికేందయ్యా?"

"పెద్దవ్వా" అంది విమల. "అక్క బస్సుల గూడ బియ్యమే తింటది. పర్సుల పోసుకొని వస్తది. డబ్బల అన్నం ఎవరికన్న ఇచ్చేస్తది, సన్నగ కావాల్నని. చాయ్ తాగి ఉంటది పొద్దంత. వానకాలం సంది గిట్లనే. సుద్దముక్కలు గూడ..."

"నిన్నెవరడిగిన్రే?" ఎస్తేరు లేవబోయింది. కళ్లు చీకట్లు కమ్మాయి, మళ్లీ కూర్చుంది.

యేసమ్మ మొహం మారిపోయింది.

ఆమె పనిచేసే దవాఖానాలో డాక్టరమ్మ వచ్చిన ప్రతి గర్భిణిని అడిగే మాట ఒకటుంది. బియ్యం బుక్కుతున్నవా, మట్టి తింటున్నవా, సుద్ద నములుతున్నవా? అవునని తల దించుకున్నవాళ్లను రక్తపరీక్షకు పంపేది. వాళ్ల చెయ్యి పట్టుకుని ల్యాబు దాకా తీసుకుపోయేది యేసమ్మే. పదిహేనేళ్లుగా కొన్ని వందల మందిని తీసుకుపోయింది. ఇంట్లో కూతురు బియ్యం నమిలితే మాత్రం, లగ్గం నాడు వాన పడుతుందని తిట్టింది.

ఆమె ఎస్తేరు ముందు కూర్చుంది. గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. బొటనవేలితో కింది రెప్ప లాగి చూసింది. రెండో రెప్ప లాగింది. మళ్లీ మొదటిది లాగింది. లోపల ఎరుపన్నది లేదు.

"నెల నెలా ఎన్ని దినాలైతది నీకు?" గొంతు పూర్తిగా దిగిపోయింది.

"పది. ఒక్కోసారి పన్నెండు."

"ఎప్పటి సంది?"

"రెండేండ్ల సంది."

"నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"నువ్వు అడిగినవా? దాన్ని అడిగినవ్, ప్రతి నెలా అడిగినవ్. సన్నగున్నది గద, పాపం. నేను బండను గద!"

యేసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎస్తేరు ఈ క్షణం కోసం పదిహేను రోజులుగా కాచుకుని కూర్చుంది. నిజానికి పదమూడేళ్లుగా. అవ్వ ఏడుస్తోంది, తన కోసం ఏడుస్తోంది, విమల కోసం కాదు. ఇంత హాయిగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

యేసమ్మ చటుక్కున లేచింది. పొయ్యి అంటించింది. ఉన్న రెండు గుడ్లూ పెనం మీద కొట్టింది. పళ్లెంలో వేడన్నం వేసి, ఇంత తోటకూర కలిపి, గుడ్డు నలిపి ముద్ద చేసింది. విమల తలగడ కింది నుంచి గోలీల పొట్లం లాగి పక్కన పెట్టుకుంది.

"తిను."

"నాకొద్దు. దానికే పెట్టు."

"తిను బిడ్డా. నీ కాళ్లు మొక్కుత."

ఎస్తేరు ఒక్కసారి మొహం తిప్పుకుంది. రెండోసారి తిప్పుకోలేదు. ముద్ద నోట్లోకి పోయింది. అవ్వ వేళ్లు పెదవులకు తగిలాయి.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ యేసమ్మకు భయం వేసింది. పదిహేను రోజులు. బిడ్డ మందు తీసి తన చేత్తోనే వేరే పిల్ల నోట్లో వేసింది. రేపు దవాఖానాలో ఎవరు చేశారు ఈ పని అని అడిగితే? తన తప్పును తన నెత్తిన పెట్టుకునే బలం ఆమెకు లేకపోయింది. పెట్టడానికి పక్కన ఇంకో నెత్తి ఉంది.

"నీ బట్టలు సర్దుకో" అంది విమల వైపు చూడకుండా.

"పెద్దవ్వా?"

"రెండు గంటల బస్సుకు నిజామాబాద్ పో. ఆడికెల్లి ముప్కాల్ పోయి నీ అయ్య ఇంట్ల ఉండు. తెలిసి తెలిసి నా బిడ్డ మందు మింగినవ్. ఇంకో నాల్గు దినాలైతే నా బిడ్డ పాణం పోతుండె. నా చెల్లె కడుపున పుట్టినవని పాముకు పాలు పోసిన."

"చీటీలు నువ్వే మార్చినవ్ యేసమ్మా" అన్నాడు దేవదాస్.

"మార్చిన! అది నోరు తెర్వచ్చు గద? దానికి నోరు లేదా?"

"ఇంకో నెలల పరీక్షలున్నయ్ దానికి. ముప్కాల్ పోతే సదువు ఖతమే. మోషే పెండ్లాం ఎప్పటి సంది చూస్తున్నదో నీకెర్కనే. పిల్ల గడప తొక్కుడే ఆలస్యం, బీడీల చాట ఒళ్లె పెడ్తది. తునికాకు కత్తిరియ్యాలె, దినానికి వెయ్యి చుట్టాలె. ఇగ కాలేజీ మొకం చూస్తదా?"

"చుట్టనియ్. నేను చుట్టలేదా?"

విమల బతిమాలలేదు. ఆమెకు ఈ ఇంట్లో బతిమాలే హక్కు ఉందని ఎప్పుడూ అనిపించలేదు. సంచిలో రెండు లంగావోణీలు పెట్టుకుంది. పుస్తకాలు పెట్టాలా వద్దా అని కాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది. కెమిస్ట్రీ పుస్తకం ఒక్కటి పెట్టుకుంది. గడియ తీసింది.

యేసమ్మ రెండో ముద్ద కలుపుతోంది. గడియ చప్పుడైనా కలపడం ఆపలేదు.

"ఎస్తేరూ" అన్నాడు దేవదాస్. "ఇప్పుడు మీ అవ్వ నా మాట వినది. నీ మాటొక్కటే వింటది. ఉండమని నువ్వొక్క మాట అను బిడ్డా. నువ్వంటే ఆగుతది."

గడపలో నిలబడి విమల వెనక్కి తిరిగింది. యేసమ్మను చూడలేదు, దేవదాస్‌ను చూడలేదు.

"అక్కా" అంది.

ఒక్క మాట చాలు. ఎస్తేరుకు ఆ మాట తెలుసు, నాలుక మీదే ఉంది. అది అంటే విమల సంచి దింపుతుంది. రేపటి నుంచి ఆ చెయ్యి ముందు మళ్లీ రెండు నోళ్లు ఉంటాయి. విమల మళ్లీ సన్నగా దగ్గుతుంది, అవ్వ మళ్లీ అటు తిరుగుతుంది. అనకపోతే చెయ్యి మొత్తం తనదే. విమల చేసింది తప్పు కాదా? తప్పే. ఆ తప్పు ఎందుకు చేసిందో ఈ ప్రపంచంలో తనకంటే బాగా ఎవరికి తెలుసు? తనకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

నోట్లో ముద్ద ఉంది. మింగితే మాట్లాడాలి.

దేవదాస్ ఎదురు చూస్తున్నాడు. గడపలో విమల ఎదురు చూస్తోంది. సందు చివర నుంచి బస్సు హారన్ వినిపించింది.

ఎస్తేరు తల దించుకుని నములుతూనే ఉంది.